హంతకుడెవరో ముందే చెప్పేశారు!

పోయిన మార్చిలో ఒక శనివారం. సాయంత్రం ఆరింటికి స్నేహితులింట్లో పాట్‌లక్. మా వంతు పులిహోర. పాతికమందికి సరిపడా కలిపి, ట్రేలో సర్ది, పైన ఫాయిల్ కప్పేసరికి ఇంట్లో ఫోన్లన్నీ ఒక్కసారి కీచుమన్నాయి. వడగళ్ళ వాన హెచ్చరిక. డాలస్‌లో ఉండేవాళ్ళకి కొత్తగా చెప్పక్కర్లేదు, వసంతకాలంలో ఇక్కడి ఆకాశాన్ని నమ్మి ఏ ప్రోగ్రామూ పెట్టుకోలేం. పాట్‌లక్ రద్దు. కార్లు గరాజ్‌లోకి, మనుషులు సోఫాల్లోకి. పావుగంటలో ఇంటర్నెట్ కూడా పోయింది.

ఇంట్లో ఉన్నది ముగ్గురం. పులిహోర పాతికమందిది.

మా అమ్మాయి ఎనిమిదో తరగతి చదువుతోంది. రెండు రోజులుగా ముఖం ముడుచుకునే ఉంది. స్కూల్లో సైన్స్ ప్రాజెక్ట్ ఇద్దరిద్దరు కలిసి చెయ్యమన్నారు. ఈ పిల్ల మూడు వారాలు కూర్చుని కొలతలు తీసి, గ్రాఫులు గీసి, రిపోర్టంతా రాసింది. పార్ట్‌నర్ అమ్మాయి చివరి రోజు వచ్చి, చక్కటి గొంతుతో నవ్వుతూ స్లయిడ్లు చూపించింది. టీచరు క్లాసందరి ముందూ ఆ అమ్మాయిని మెచ్చుకుంది. "మార్కులు ఇద్దరికీ ఒకటేగా తల్లీ, ఇంకేం?" అన్నాను. నావైపు ఒక చూపు చూసి తన గదిలోకి వెళ్ళిపోయింది.

నెట్ లేకపోతే పిల్లలు వాళ్ళంతట వాళ్ళే హాల్లోకి వస్తారు, ఇది మీ ఇళ్ళలో కూడా గమనించే ఉంటారు. అలా వచ్చింది. రెండేళ్ళ కిందట గరాజ్ సేల్‌లో మూడు డాలర్లకి కొన్న 'కొలంబో' డీవీడీల పెట్టె గుర్తొచ్చింది. దాన్ని చూసినప్పుడల్లా మా ఆవిడ "దీన్ని ఎప్పుడు డొనేట్ చేస్తున్నారు?" అని అడుగుతూ ఉంటుంది. దుమ్ము దులిపి, ప్లేయర్ వెతికి, వైర్లు కలిపి, మొదటి సీజన్లో మొదటి ఎపిసోడ్ పెట్టాను. పేరు 'మర్డర్ బై ది బుక్'. 1971 సెప్టెంబరు 15న ఎన్‌బీసీలో మొదటిసారి వచ్చింది. గంటంపావు పైన ఉంటుంది.

ఈ వ్యాసం ఆ ఎపిసోడ్ గురించి. హంతకుడి పేరు కూడా చెప్పేస్తున్నాను, కోప్పడకండి. ఎందుకో వినండి.

అద్దె పుస్తకంలో మొదటి పేజీ

మేం చిన్నప్పుడు అనకాపల్లిలో అద్దె పుస్తకాల కొట్టు నుంచి డిటెక్టివ్ నవలలు తెచ్చుకునేవాళ్ళం. రోజుకి అర్ధరూపాయి. కొమ్మూరి సాంబశివరావు గారి యుగంధర్, ఆయన అసిస్టెంట్ రాజు మాకు చుట్టాలకంటే ఎక్కువ. హంతకుడెవరో చివరి పేజీల్లో తెలియాలి, అప్పటిదాకా గుండె దడదడలాడాలి. కానీ మాకంటే ముందు చదివిన మహానుభావుడెవడో మొదటి పేజీలోనే బాల్ పెన్నుతో "హంతకుడు డాక్టరే" అని రాసిపెట్టేవాడు. వాణ్ణి తిట్టుకుంటూ, అయినా మానకుండా, మొత్తం చదివేవాళ్ళం.

కొలంబో తీసినవాళ్ళు ఆ బాల్ పెన్ను పని వాళ్ళే చేసేశారు. దాదాపు ప్రతి కథలోనూ మొదట్లోనే ఎవరు, ఎవర్ని, ఎలా చంపారో మన కళ్ళముందే జరిగిపోతుంది. ఆ తర్వాత వస్తాడు లెఫ్టినెంట్ కొలంబో. నలిగిపోయిన రెయిన్‌కోటు, సగం కాలిన చుట్ట, దగ్గుతూ మూలుగుతూ నడిచే పాత పూజో కారు. హంతకుడేమో బెవర్లీ హిల్స్‌లో బంగళా, ఈతకొలను ఉన్న పెద్దమనిషి. 'వీడా నన్ను పట్టుకునేది?' అనుకుంటాడు. మన కుతూహలమంతా ఎవరు చేశారన్నదాని మీద కాదు, ఎలా దొరుకుతాడన్నదాని మీద.

కొలంబో ప్రశ్నలన్నీ అడిగేసి, సెలవు తీసుకుని, గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి "ఆఁ, ఇంకొక్క మాటండీ" అంటాడు. అసలు ప్రశ్న అదే. ఇందులో అమెరికన్లకి ఏం వింత కనిపించిందో గానీ మనకి కొత్తేం కాదు. వెళ్ళొస్తామని లేచాక గుమ్మం దగ్గర నిలబడి అరగంట మాట్లాడే జాతి మనది, అసలు విషయాలన్నీ చెప్పులేసుకున్నాకే గుర్తొస్తాయి. మా అమ్మాయి కూడా వెంటనే పట్టేసింది. "నాన్నా, అమ్మమ్మ వాళ్ళింట్లోలాగే!"

ఆ పాత్ర వేసిన పీటర్ ఫాక్ గురించి పిల్లలకి ఒక మాట చెప్పాలి. ఆయనకి మూడేళ్ళ వయసులో కంట్లో క్యాన్సర్ వస్తే కుడి కన్ను తీసేశారు. జీవితాంతం గాజుకన్నే. కొలంబో చూపులో ఉండే ఆ అదోరకం వంకరకి సగం కారణం అదే. నటుడు కాకముందు పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్‌లో మాస్టర్స్ చేసి, కనెటికట్ రాష్ట్ర ప్రభుత్వంలో మేనేజ్‌మెంట్ అనలిస్టుగా పనిచేశాడు. అంటే మనలాంటివాడే అన్నమాట, తప్పించుకున్నాడు. 1968లో ఒక టీవీ సినిమాతో మొదలుపెట్టి, మధ్యలో పదేళ్ళ పైన విరామంతో, 2003 దాకా మొత్తం 69 కొలంబో కథల్లో నటించాడు. 2011లో కన్నుమూశాడు.

ఇద్దరు రచయితలు, ఒక ముసలావిడ

ఇక కథ. కెన్ ఫ్రాంక్లిన్, జిమ్ ఫెర్రిస్ ఇద్దరూ కలిసి డిటెక్టివ్ నవలలు రాస్తారు. వాళ్ళ కథానాయిక మిసెస్ మెల్విల్ అనే ముసలావిడ. పుస్తకాలు లక్షల్లో అమ్ముడుపోతాయి. అట్ట మీద ఇద్దరి పేర్లూ ఉంటాయి. కానీ రాసేది జిమ్ ఒక్కడే. కెన్ అందగాడు, మాటకారి. ఇంటర్వ్యూలు ఇస్తాడు, పార్టీలకి వెళ్తాడు, పబ్లిషర్లతో బేరాలాడతాడు. ఒక్క వాక్యం కూడా రాయడు, రాయలేడు. ఇన్నేళ్ళ తర్వాత జిమ్ "ఇక నేను ఒక్కణ్ణే, నాకు నచ్చిన సీరియస్ పుస్తకాలు రాసుకుంటాను" అంటాడు. కెన్‌కి కాళ్ళ కింద నేల కదిలిపోతుంది. జిమ్ వెళ్ళిపోతే తను ఎవరు? డబ్బు అవసరాలు సరేసరి, ఇద్దరూ ఒకరి మీద ఒకరు ఇన్సూరెన్స్ కూడా తీసుకుని ఉన్నారు.

ఎపిసోడ్ ఎలా మొదలవుతుందో చూడండి. లాస్ ఏంజిలస్ రోడ్డు మీద ఒక కారు వస్తూ ఉంటుంది. కారు శబ్దం వినపడదు. ట్రాఫిక్ శబ్దం వినపడదు. వినపడేది టైప్‌రైటర్ టకటక ఒక్కటే. ఎత్తైన భవనంలో ఒక గదిలో జిమ్ ఒక్కడే కూర్చుని టైప్ చేసుకుంటున్నాడు. కారులో వస్తున్నది కెన్. ఒకడు పని చేస్తున్నాడు, రెండోవాడు వాణ్ణి చంపడానికి వస్తున్నాడు, ఆ పని శబ్దమే హంతకుడి వెంట నడుస్తోంది. మాటల్లేకుండా కథంతా మొదటి రెండు నిమిషాల్లో చెప్పేశాడు దర్శకుడు. అప్పటికి ఆయన వయసు 24. యూనివర్సల్ వాళ్ళ దగ్గర జీతానికి టీవీ ఎపిసోడ్లు తీస్తున్న కుర్రాడు. పేరు స్టీవెన్ స్పీల్‌బర్గ్. 'జాస్' రావడానికి ఇంకా నాలుగేళ్ళుంది. స్క్రిప్టు రాసిన స్టీవెన్ బోచ్కో కూడా 27 ఏళ్ళవాడే, తర్వాత 'హిల్ స్ట్రీట్ బ్లూస్' లాంటి సీరియల్స్‌తో టీవీ రూపమే మార్చాడు. బిల్లీ గోల్డెన్‌బర్గ్ సంగీతంలో కూడా ఆ టైప్‌రైటర్ చప్పుడు కలిసిపోయి ఉంటుంది, చెవిపెట్టి వినండి.

హత్య పథకం ఇది. కెన్ రాజీకొచ్చినట్టు నటించి, శాన్‌డియాగో దగ్గర చెరువు గట్టున తనకున్న కేబిన్‌కి జిమ్‌ని కారులో తీసుకెళ్తాడు. బయల్దేరే ముందు లైటర్ మర్చిపోయానంటూ ఒక్కడే ఆఫీసులోకి వెళ్ళి, ఎవరో దోచుకున్నట్టు గదంతా చిందరవందర చేసి వస్తాడు. కేబిన్‌కి చేరాక జిమ్ చేత భార్యకి ఫోన్ చేయిస్తాడు. ఆఫీసులో పని ఉంది, ఆలస్యమవుతుంది అని చెప్పమంటాడు. ఆ మాట్లాడుతుండగానే తుపాకీ పేలుతుంది. భార్య చెవులారా వింది. భర్త ఆఫీసులోనే చనిపోయాడని పోలీసులకి ప్రమాణం చేసి చెబుతుంది. అదే సమయానికి కెన్ రెండు గంటల ప్రయాణమంత దూరంలో ఉన్నాడు!

ఇక్కడ మా అమ్మాయి డీవీడీ ఆపించింది. "ఆవిడ నంబరు చూడొచ్చు కదా? లొకేషన్ చూడొచ్చు కదా?" గోడకి వైరుతో కట్టేసిన ఫోన్లుండేవనీ, ఎవరు ఎక్కణ్ణుంచి చేస్తున్నారో వాళ్ళు చెబితే నమ్మడమేననీ వివరించడానికి ఐదు నిమిషాలు పట్టింది. మా ఊళ్ళో ట్రంకాల్ బుక్ చేసుకుని ఎదురుచూసే రోజుల గురించి కూడా చెప్పబోయాను గానీ మా ఆవిడ ప్లే నొక్కేసింది.

కొలంబోకి అనుమానం వచ్చే తీరు చాలా సహజంగా ఉంటుంది. వేలిముద్రలు, రక్తం మరకలు, మైక్రోస్కోపులు లేవు. మామూలు మనుషులు చేసే పనుల్లో తేడా కనిపెట్టడమే ఆయన విద్య. ప్రాణస్నేహితుడికి ఏదో అయిందని తెలిస్తే విమానమెక్కి రావాలి గానీ, తీరిగ్గా కారు నడుపుకుంటూ ఎందుకొచ్చాడు? కారులో శవం ఉందని మనకి తెలుసు, ఆయనకి తెలీదు. ఇంటి ముందు గడ్డిలో ఆ స్నేహితుడి శవం పడి ఉంటే, పోలీసులకి ఫోన్ చేశాక కూర్చుని ఆ రోజు వచ్చిన ఉత్తరాలు ఎలా విప్పగలిగాడు? కరెంటు బిల్లు ఎంతొచ్చిందో చూడాలనిపించే సమయమా అది? ఇంకో మంచి సన్నివేశం, భర్త పోయిన ఆవిడ ఏమీ తినలేదని తెలిసి కొలంబో ఆవిడ వంటింట్లోకి దూరి ఆమ్లెట్ వేసి పెడతాడు. అందులో నటన ఎంతో, నిజమైన దయ ఎంతో చెప్పలేం. నాకైతే దయే ఎక్కువనిపించింది. వేస్తూనే భర్త అలవాట్లన్నీ అడిగి తెలుసుకుంటాడనుకోండి.

కేబిన్ దగ్గర చిన్న కొట్టు నడుపుకునే లిలీ అనే ఆవిడ ఆ రోజు కెన్ కారులో జిమ్‌ని చూసింది. పదిహేను వేల డాలర్లు ఇమ్మంటుంది. ఆవిణ్ణి కూడా చంపి, పడవ ప్రమాదంలా కనిపించేట్టు చేస్తాడు కెన్. ఈ భాగం కొంచెం సాగదీశారు, మా ఇంట్లో పులిహోర రెండో రౌండ్ ఇక్కడే జరిగింది. చిన్నపిల్లలతో చూసేవాళ్ళు ఈ లిలీ భాగాన్ని ముందుగా ఒకసారి మీరు చూసుకోండి. రక్తపాతం చూపించరు గానీ, నవ్వుతూ మాట్లాడే మనిషిని చూసి మనకే భయమేస్తుంది.

ఒక్క మంచి ఐడియా

చివరి సీన్ కోసమే ఈ ఎపిసోడ్ చూడాలి. కొలంబోని మొదటినుంచీ ఒక విషయం తినేస్తూ ఉంటుంది. మొదటి హత్య అద్భుతమైన పథకం, రెండోది నాసిరకం. రెండూ ఒకే బుర్రలోంచి ఎలా వస్తాయి? పైగా ఈ మనిషి ఒక్క పేజీ కూడా రాయలేడని ఇప్పుడు తెలిసింది. రాయలేనివాడికి అంత గొప్ప ప్లాట్ ఎక్కడిది? జిమ్‌దే అయ్యుండాలి! జిమ్‌కి ఏ ఆలోచన వచ్చినా చేతికందిన కాగితం ముక్క మీద రాసి దాచుకునే అలవాటుందని భార్య చెప్పింది. వెతికితే దొరికింది. ఒకడు ఇంకొకణ్ణి ఊరికి దూరంగా ఇంటికి తీసుకెళ్ళి, ఆఫీసులో ఉన్నానని భార్యకి ఫోన్ చేయించి చంపడం, అచ్చం అదే కథ, జిమ్ చేతిరాతలో.

లాయర్ దృష్టితో చూస్తే ఈ సాక్ష్యం ఏ కోర్టులోనూ నిలవదు. రచయిత రాసుకున్న కథ కాగితం హత్యకి రుజువెలా అవుతుంది? కెన్ నోరు మూసుకుని లాయర్‌ని పిలిస్తే బయటపడేవాడేమో. ఈ సీరియల్‌కి మొదటినుంచీ ఉన్న బలహీనత ఇదే, ఇంకా చాలా ఎపిసోడ్లలో కూడా హంతకులు కోర్టుదాకా ఆగకుండా చివరి నిమిషంలో ఒప్పేసుకుంటారు. కానీ ఈ ఒక్కసారి మాత్రం ఆ ఒప్పుకోలు నాకు ఎక్కడా అతకనట్టు అనిపించలేదు. ఎందుకంటే కెన్ ఒప్పుకున్నది హత్యని కాదు. ఆ ప్లాట్ జిమ్‌ది కాదు, నాది అంటాడు. నాకు జీవితంలో వచ్చిన ఒకే ఒక మంచి ఐడియా అది, ఐదేళ్ళ కిందట జిమ్‌కి చెప్పాను, ఆ పిచ్చివాడు దాన్ని రాసి పెట్టుకుంటాడని ఎవడనుకున్నాడు అంటాడు.

అర్థమైందా? జిమ్ కష్టం మీద ఇన్నేళ్ళు బతికిన మనిషికి, తనది అనదగ్గ ఒక్క ముక్క చచ్చినవాడి ఖాతాలో పడిపోతుంటే ఓర్చుకోలేకపోయాడు. జైలుకైనా పోతాను గానీ క్రెడిట్ నాదే అన్నాడు. జాక్ కాసిడీ అనే నటుడు ఆ మాటలు చెబుతున్నప్పుడు ముఖంలో ఓడిపోయిన బాధ కంటే ఒకలాంటి గర్వం కనిపిస్తుంది. ఆ గర్వం చూసి జాలేసింది. కాసిడీ తర్వాత ఇంకో రెండు కొలంబో కథల్లో హంతకుడిగా వచ్చాడు, ఇంత బాగా ఉన్నది మాత్రం ఇదే.

కొలంబో పాత్రని పుట్టించిన రిచర్డ్ లెవిన్సన్, విలియం లింక్ నిజంగానే జంట రచయితలు. జూనియర్ హైస్కూల్‌లో చేరిన మొదటిరోజు కలిశారు. అప్పట్నుంచి 1987లో లెవిన్సన్ చనిపోయేదాకా కలిసే రాశారు. వాళ్ళిద్దరూ చిన్నప్పట్నుంచీ అభిమానించిన 'ఎలరీ క్వీన్' కూడా ఒక మనిషి కాదు, ఇద్దరు కజిన్స్. ఒకాయన ప్లాట్లు అల్లేవాడు, ఇంకొకాయన వాక్యాలు రాసేవాడు. ఆ ఇద్దరికీ పడేది కాదు, ఉత్తరాల్లో పోట్లాడుకునేవారు. అలాంటి జంట పుట్టించిన సీరియల్ మొట్టమొదటి రెగ్యులర్ ఎపిసోడ్‌లో జంట రచయితల్లో ఒకడు రెండోవాణ్ణి చంపుతాడు! లెవిన్సన్, లింక్ ఈ స్క్రిప్టు చదువుతూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని ఉంటారా అనిపించింది.

మనకి జంటలంటే వెంటనే గుర్తొచ్చేది తిరుపతి వేంకట కవులు. 'పాండవోద్యోగ విజయాల' పద్యాల్లో ఏ పద్యం దివాకర్ల తిరుపతిశాస్త్రి గారిది, ఏది చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి గారిది అని స్టేజీ ముందు కూర్చుని వన్స్‌మోర్ కొట్టినవాళ్ళెవరూ అడగలేదు. 1920లో తిరుపతిశాస్త్రి గారు పోయారు. చెళ్ళపిళ్ళ వారు ఆ తర్వాత ముప్ఫై ఏళ్ళు బతికారు. ఒక్కరే రాసినవి కూడా ఇద్దరి పేరుతోనే వేశారు. ఈ సంగతి మా అమ్మాయికి చెబితే కాసేపు ఆలోచించింది. "అంటే ఆయన కెన్‌కి ఆపోజిట్ కదా నాన్నా" అంది.

ఒక లైబ్రరీ ప్రాజెక్ట్

ఇక్కడితో రివ్యూ ముగించి 'తప్పక చూడండి' అని రాసేస్తే బాగుండేది. కానీ ఎపిసోడ్ అయిపోయాక మా అమ్మాయి నావైపు తిరిగి అడిగింది. "నాన్నా, నువ్వు చెబుతూ ఉంటావే, కాలేజీలో లైబ్రరీ ప్రాజెక్ట్. అది నువ్వొక్కడివే చేశావా?"

ఆ ప్రాజెక్ట్ కథ మా ఇంట్లో చాలా పాతది. ఎంసీఏ ఆఖరి సెమిస్టర్, విశాఖపట్నం, 2002. విజువల్ బేసిక్, వెనకాల ఒరాకిల్. లైబ్రరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్. ఆ రోజుల్లో ఎంసీఏ చేసినవాళ్ళలో సగంమంది చేసింది అదే ప్రాజెక్టు, మిగతా సగం రైల్వే రిజర్వేషన్. మాదాంట్లో ఒక ప్రత్యేకత ఉండేది. పుస్తకం ఆలస్యంగా తిరిగిస్తే వేసే ఫైన్ లెక్కలో సెలవు రోజులు, పరీక్షల రోజులు దానంతటదే తీసేసేది. ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్‌కి అది తెగ నచ్చింది. ఉద్యోగం ఇంటర్వ్యూలో అదే చెప్పాను. అమెరికా వచ్చాక మొదటి క్లయింట్‌కి అదే చెప్పాను. పిల్లకి కూడా, 'చిన్న విషయం మీద కూడా బుర్ర పెట్టాలమ్మా' అన్నప్పుడల్లా అదే చెప్పాను.

అది నా రూమ్మేట్ రాశాడు. ఫైన్ లెక్క ఒక్కటే కాదు, మొత్తం వాడే రాశాడు. రాత్రి పదింటికి ల్యాబ్ అటెండర్‌ని బతిమాలి కూర్చుంటే తెల్లవారి టీ కొట్టు తెరిచాక వచ్చేవాడు. నేను డాక్యుమెంటేషన్ రాశాను, స్పైరల్ బైండింగ్ చేయించాను, వైవాలో మాట్లాడాను. వాడికి ఇంగ్లీషులో మాట్లాడాలంటే చెమటలు పట్టేవి. "నువ్వే మాట్లాడరా, నా వల్ల కాదు" అని వాడే అన్నాడు. ఇన్నేళ్ళూ నా మనసుకి నేను చెప్పుకున్న సమాధానం అదే, వాడే అన్నాడు కదా అని.

కానీ ఇంకొక్క మాట ఉంది. ఎగ్జామినర్ "ఇందులో ఎవరి పని ఎంత?" అని అడిగాడు. నేను "డిజైన్ నాది సార్, ఇతను టైపింగ్‌లో హెల్ప్ చేశాడు" అన్నాను. వాడు నా పక్కనే ఉన్నాడు. తలొంచుకుని తన బూట్లకేసి చూసుకున్నాడు. ఏమీ అనలేదు. హాస్టల్‌కి వచ్చాక కూడా ఏమీ అనలేదు.

ఇప్పుడు మా ప్రోగ్రామర్ల దగ్గర గిట్ అనే సాఫ్ట్‌వేర్ ఉంది. అందులో 'బ్లేమ్' అని ఒక కమాండ్ కొడితే, ఏ లైను ఎవరు ఏ తేదీన రాశారో పేర్లతో సహా వస్తుంది. 2002లో మా దగ్గర అది లేదు. ఉన్నా ఆ ప్రాజెక్ట్‌లో నా పేరు మీద నాలుగు లైన్లు కూడా వచ్చేవి కావు. జిమ్ కాగితం ముక్క మీద రాసుకున్న కథ దొరికిన సీన్ చూస్తున్నప్పుడు నా చేతిలో పులిహోర ప్లేటు ఎందుకు కదలకుండా ఆగిపోయిందో మా ఆవిడ అడిగింది కూడా. చల్లారిపోయిందన్నాను.

పిల్లకి నిజం చెప్పాను. గట్టిగా ఏమీ అనలేదు. "సో, నువ్వు స్లయిడ్స్ గర్ల్ అన్నమాట" అంది. ఆ పేరు ఇంట్లో ఇప్పటికీ నడుస్తోంది. కానీ కొంచెంసేపటి తర్వాత అడిగిన ప్రశ్న మాత్రం అంత తేలిగ్గా పోలేదు. "ఆయన ఇప్పుడు ఎక్కడున్నారు?"

కాకినాడలో ఉన్నాడు. ఒక ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతున్నాడు. బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో పండగలకి దండం బొమ్మలు పెట్టుకుంటాం, అంతే. మాట్లాడుకుని పదకొండేళ్ళయింది. మర్నాడు పొద్దున్న, వాళ్ళకి ఆదివారం రాత్రి, ఫోన్ చేశాను. మా అమ్మాయి పక్కనే కూర్చుంది, వెళ్ళమంటే వెళ్ళలేదు.

పిల్లలూ, ఎండలూ, తెలిసినవాళ్ళ ఆరోగ్యాలూ అన్నీ అయ్యాయి. పెట్టేద్దామనుకునేంతలో, సరిగ్గా గుమ్మం దగ్గర మాటలాగే, "ఒరేయ్, ఆ వైవా రోజు నేనన్న మాట..." అని మొదలుపెట్టాను.

"టైపింగ్ అన్నావు" అన్నాడు వాడు. వెంటనే. ఒక్క క్షణం కూడా ఆలోచించుకోలేదు.

సారీ చెప్పాను. చాలా పొడుగ్గా చెప్పాను. మధ్యలో గొంతు కాస్త తడబడింది. అవతల కాసేపు నిశ్శబ్దం. ఫోన్ కట్టయిందేమో అనుకున్నాను.

"మా స్టూడెంట్స్‌కి ప్రాజెక్ట్ వైవాలు నేనే చేస్తాన్రా ఇప్పుడు" అన్నాడు చివరికి. "ఇద్దర్నీ విడివిడిగా కూర్చోబెట్టి అడుగుతాను. ఎవడు రాశాడో రెండు నిమిషాల్లో తెలిసిపోద్ది." మళ్ళీ కొంచెం ఆగి, "ఆ రోజు నువ్వేసుకున్న నీలం గళ్ళ చొక్కా నాదిరా. అదీ తిరిగివ్వలేదు" అన్నాడు.

ఇద్దరం నవ్వాం. వాడు నవ్వింది ఏ మేరకో ఫోన్లో తెలియలేదు. క్షమించానని అనలేదు, నేనూ అడగలేదు. డిసెంబరులో ఇండియా వెళ్తున్నాం. కాకినాడ వస్తానన్నాను. రమ్మన్నాడు.

మా అమ్మాయి సోమవారం స్కూలుకెళ్ళి టీచర్‌తో మాట్లాడిందట. ఏం మాట్లాడిందో మాకు చెప్పలేదు. ఆ వారం చివర్లో మాత్రం డీవీడీ పెట్టె తనే తీసి రెండో ఎపిసోడ్ పెట్టింది. దాని పేరు 'డెత్ లెండ్స్ ఎ హ్యాండ్'. అందులో హంతకుడు... సరే, ఇది చెప్పను. చూడండి. నేను మధ్యాహ్నం మాల్‌కి వెళ్ళి నీలం గళ్ళ చొక్కా ఒకటి కొన్నాను. ఇరవై ఏళ్ళు దాటాయి కదా, సైజు ఎంత తియ్యాలో తెలియక లార్జ్ ఒకటి, ఎక్స్‌ట్రా లార్జ్ ఒకటి తీసుకున్నాను.